తెర మీద కనిపించేది వేరు, లోపల ఉన్నది వేరు

మస్కట్‌లోని రువి, వాదీ కబీర్, ఘలా ప్రాంతాల్లో పనిచేసే మన కోనసీమ, కడప, నిజామాబాద్, జగిత్యాల వాళ్లకు ఫోన్ గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటికి డబ్బు పంపడం దగ్గర్నుంచి పిల్లవాడి మార్కుల జాబితా తెప్పించుకోవడం దాకా అన్నీ అరచేతిలోనే నడిపిస్తారు. అలాంటి మనిషిని, లెక్క తెలిసినవాడని చూసి, కంపెనీ హెల్పర్ పని నుంచి టైమ్‌కీపర్‌గానో స్టోర్‌కీపర్‌గానో పైకి తీస్తుంది. సైట్ ఆఫీసులో కుర్చీ, ఏసీ, ఎదురుగా డెస్క్‌టాప్ కంప్యూటర్. ఎండ తప్పిందన్న సంతోషం నాలుగు రోజులు నిలవదు. మధ్యాహ్నమంతా కూర్చుని కొట్టిన టైమ్‌షీట్ కరెంటు పోగానే మాయమవుతుంది. పేరు రాద్దామని మొదలుపెడితే అరబ్బీ అక్షరాలు పడతాయి. మూడు రోజుల డ్యూటీ కలిపితే 27 గంటలు రావాల్సింది 3 అని వస్తుంది.

ఫోన్ అంత బాగా వచ్చినవాడికి కంప్యూటర్ ఎందుకిలా ఎదురు తిరుగుతుంది? వయసు మీద పడిందనీ, చదువు చాలదనీ, ఇంగ్లిష్ రాదనీ చెప్పే కారణాలు నాకు నమ్మబుద్ధి కావు. ఇవేవీ ఫోన్‌కు అడ్డం రాలేదు కదా!

ఫోన్ అడగని ప్రశ్న

ఫోన్‌లో ఫొటో తీస్తే గ్యాలరీలో ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలి, ఏ పేరు పెట్టాలి అని ఫోన్ మనల్ని అడగదు. సగం రాసిన మెసేజ్‌ను వదిలేసి వేరే పని చూసుకుని వచ్చినా అక్కడే ఉంటుంది. ఏ వస్తువు ఎక్కడ ఉందన్న గొడవంతా ఫోన్ తానే మోసి, మనకు తెలియనివ్వకుండా దాచేసింది. డెస్క్‌టాప్ ఆ గొడవను మన ముందే పెడుతుంది. దాచాలా, ఎక్కడ దాచాలి, ఏ పేరుతో అని నిలదీస్తుంది.

ఇది గల్ఫ్ కూలీల ఇబ్బంది మాత్రమే అనుకోకండి. ఫైళ్లు, ఫోల్డర్లు అంటే ఏమిటో కొత్త విద్యార్థులకు అర్థం కావడం లేదని అమెరికా విశ్వవిద్యాలయాల అధ్యాపకులు మొత్తుకుంటున్నట్టు 2021లో ‘ద వెర్జ్’ పత్రిక రాసింది. వాళ్లు పుట్టినప్పటి నుంచీ తెరల మధ్య పెరిగిన పిల్లలు, చదివేది ఇంజినీరింగ్!

డెస్క్‌టాప్ రూపం ఎవరి కోసం తయారైందో చూస్తే సంగతి ఇంకాస్త తేలుతుంది. అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధకులు 1973లో ఆల్టో అనే కంప్యూటర్‌ను తయారుచేశారు. 1981లో అదే కంపెనీ స్టార్ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఆఫీసు బల్ల, దాని మీద కాగితాలు, కాగితాలు పెట్టుకునే అట్టలు, వచ్చిన ఉత్తరాల బుట్ట అన్నీ బొమ్మలుగా మారి తెర మీదికి వచ్చింది ఆ స్టార్‌తోనే. కాగితాల ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసిన గుమస్తాకు చూడగానే అర్థం కావాలని వాళ్లు అలా చేశారు. ఆ ఆఫీసులో ఏనాడూ కాలు పెట్టనివాడికి, షటరింగ్ పని నుంచి నేరుగా కంప్యూటర్ ముందుకు వచ్చినవాడికి, ఆ పసుపుపచ్చ అట్ట బొమ్మ ఏం చెబుతుంది?

కంప్యూటర్ నేర్పేవాళ్లలో చాలామంది ‘ఇక్కడ నొక్కు, తర్వాత ఇక్కడ నొక్కు’ అని నోట్సు రాయిస్తారు. సాఫ్ట్‌వేర్ మారి బటన్ రెండంగుళాలు జరిగిందంటే ఆ నోట్సు పనికిరాదు. అంతకంటే ఒక్క ప్రశ్న అలవాటు చేసుకోవడం మేలు. నేను చూస్తున్న ఈ వస్తువు నిజానికి ఇప్పుడు ఎక్కడ ఉంది?

కొట్టిన టైమ్‌షీట్ ఎక్కడికి పోయింది?

మనం కీబోర్డు మీద కొట్టింది తెర మీద కనిపించగానే కంప్యూటర్‌లో ఎక్కినట్టే అనుకుంటాం. ఎక్కింది, కానీ ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకంలోకి ఎక్కింది. ర్యామ్ నిండా చిన్న చిన్న గదులుంటాయి. నేటి గదికి మూలమైన ఆలోచన 1966లో ఐబీఎంలో పనిచేస్తున్న రాబర్ట్ డెనార్డ్‌ది. ఒక్కో గదిలో ఇసుమంత విద్యుదావేశం ఉంటే 1, లేకపోతే 0. ఆ గది చిల్లి కుండ. పోసిన మరుక్షణం నుంచే కారడం మొదలుపెడుతుంది. అందుకని కంప్యూటర్ ప్రతి గదినీ చదివి, నిండుగా ఉండాల్సినదాన్ని మళ్లీ నింపుతూ పోతుంది. 64 మిల్లీసెకన్లలోపు, అంటే సెకనుకు సుమారు 16 సార్లు, ఒక చుట్టు పూర్తి కావాలి. 8 జీబీ ర్యామ్ అంటే ఇలాంటి గదులు దాదాపు 6,900 కోట్లు. నింపే చేయి కరెంటు. అది ఆగితే కుండలన్నీ ఖాళీ.

డిస్క్ కథ వేరు. పాత హార్డ్ డిస్క్‌లో అక్షరం అయస్కాంతపు గుర్తుగా ఉంటుంది. కొత్త ఎస్ఎస్‌డీలో ఎలక్ట్రాన్లు విద్యుత్తును పోనివ్వని పొరల మధ్య బందీలై ఉంటాయి. రెంటికీ నిలిచి ఉండడానికి కరెంటు అవసరం లేదు. సేవ్ అంటే ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీదికి ఎక్కించడం. అంతకుమించి అందులో ఏమీ లేదు.

అయితే మొదటి నుంచీ డిస్క్ మీదే రాయొచ్చు కదా? వేగం చాలదు. ఒక అంకె కావాలని అడిగితే ర్యామ్ ఇచ్చే వేగంతో పోలిస్తే ఎస్ఎస్‌డీ సుమారు వెయ్యి రెట్లు, తిరిగే హార్డ్ డిస్క్ దాదాపు లక్ష రెట్లు నెమ్మది. ప్రతి అక్షరానికీ అక్కడికి వెళ్లి వస్తే కీబోర్డు మీద మన వేళ్లే కంప్యూటర్ కోసం ఆగాల్సి వస్తుంది. అందుకే పని ర్యామ్‌లో, దాపు డిస్క్‌లో.

కాబట్టి కొత్త షీట్ తెరవగానే, ఒక్క అక్షరం కొట్టకముందే, పేరు పెట్టి సేవ్ చేయండి. తర్వాత ఒక్కో పేరు కొట్టగానే కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కడం చేతికి అలవాటు కావాలి. వర్డ్, ఎక్సెల్ వాటంతట అవి 10 నిమిషాలకోసారి ఒక ప్రతిని పక్కన పెట్టుకుంటాయి. కరెంటు వచ్చి మళ్లీ తెరిచినప్పుడు డాక్యుమెంట్ రికవరీ అని పక్కన ఒక జాబితా చూపిస్తాయి. చాలామంది అదేదో తప్పు జరిగిందని భయపడి మూసేస్తారు. పోయిన పని తిరిగి దొరికే చోటు అదే.

> కాపీ చేసింది ఎక్కడుంది?
>
> కంట్రోల్ సి నొక్కితే తెర మీద ఏమీ జరగదు. పని చేసిందో లేదో తెలియక రెండోసారి, మూడోసారి నొక్కేవాళ్లున్నారు. కాపీ చేసింది క్లిప్‌బోర్డ్ అనే కనిపించని చోటికి వెళుతుంది. 1970ల్లో జెరాక్స్‌లో లారీ టెస్లర్, ఆయన తోటివాళ్లు రూపుదిద్దిన పద్ధతి ఇది. అక్కడ మామూలుగా ఒక్కటే ఉంటుంది. కొత్తది కాపీ చేయగానే పాతది పోతుంది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 మార్పుల తర్వాత విండోస్ కీ పట్టుకుని వి నొక్కి క్లిప్‌బోర్డ్ చరిత్ర అనే సదుపాయాన్ని ఒకసారి ఆన్ చేసుకుంటే, ఆ తర్వాత కాపీ చేసినవి వరుసగా కనిపిస్తాయి. క్లిప్‌బోర్డ్ ఉండేది కూడా ర్యామ్‌లోనే.

కె నొక్కితే నూన్ ఎందుకు పడింది?

ఒమన్‌లో కొన్న కీబోర్డు మీద సాధారణంగా ప్రతి అక్షరపు కీకి రెండు ముద్రలుంటాయి, ఒక ఇంగ్లిష్ అక్షరం, ఒక అరబ్బీ అక్షరం. అక్షరం ఆ కీలోనే ఉందని మనం అనుకోవడం సహజం. నిజానికి కీకి ఏ భాషా రాదు. యూఎస్‌బీ కీబోర్డులో కె అని రాసి ఉన్న కీని నొక్కితే కంప్యూటర్‌కు వెళ్లేది 14 అనే సంఖ్య. ‘14వ కీ నొక్కారు’ అన్న కబురు, అంతే. ఆ 14ను ఏ అక్షరంగా చదవాలో చెప్పే పట్టిక విండోస్ దగ్గర ఉంటుంది. ఇంగ్లిష్ పట్టిక తెరిచి ఉంటే కె. అరబ్బీ పట్టిక తెరిచి ఉంటే నూన్ అనే అక్షరం. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పట్టిక తెరిచి ఉంటే క.

పట్టిక మార్చడానికి ఆల్ట్, షిఫ్ట్ కీలు కలిపి నొక్కితే చాలు. చిక్కంతా అక్కడే ఉంది. వేరే పని కోసం చేయి వేస్తూ ఆ రెండూ తగిలితే పట్టిక మనకు తెలియకుండా మారిపోతుంది. తెర కింద కుడి మూలన గడియారం పక్కన ఏ భాషలో ఉన్నారో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ముందు అది చూడాలి. విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే పట్టికలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది పాస్‌వర్డ్. అక్కడ చుక్కలు తప్ప అక్షరం కనిపించదు కాబట్టి అరబ్బీలో కొడుతున్నామని తెలిసే దారి లేదు. సరైన పాస్‌వర్డే కొట్టినా తప్పంటుంది. నాలుగైదు సార్లు కొట్టి ఐటీ వాడికి ఫోన్ చేస్తే అతను వచ్చి రెండు కీలు నొక్కి నవ్వుతూ పోతాడు. అతనికి తెలిసిన రహస్యం ఆ మూలనున్న భాష గుర్తే.

అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడిచే లిపి. అందుకని అరబ్బీ పెట్టిన కంప్యూటర్లలో దిక్కు మార్చే కీలు కూడా ఉంటాయి. కంట్రోల్ పట్టుకుని కుడివైపు షిఫ్ట్ నొక్కితే మీ వాక్యం కుడి అంచుకు దూకుతుంది. ఎడమవైపు షిఫ్ట్ నొక్కితే తిరిగి వస్తుంది. ఎక్సెల్‌లో ఎ అనే మొదటి నిలువు వరుస కుడి చివర కనిపిస్తే ఫైల్ చెడిపోయిందని కంగారు పడొద్దు. ఎవరో ఒమనీ సహోద్యోగి తన చదువుకు అనువుగా షీట్‌ను తిప్పుకున్నాడంతే. లోపలి లెక్కలు చెక్కుచెదరవు.

ఇదే సూత్రం తెలుగులో ఇంకో చోట పనికొస్తుంది. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగానే దాస్తుంది. యూనికోడ్ అనే అంతర్జాతీయ పట్టికలో మన ‘క’ సంఖ్య 3093, అరబ్బీ నూన్‌ది 1606, చిన్న కె అక్షరానిది 107. ‘శ్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. లోపల మాత్రం శ, పొల్లు, ర, ఈత్వం అని నాలుగు సంఖ్యలు. అందుకే చాలా ప్రోగ్రాముల్లో ‘శ్రీ’ కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం పోదు. ముందు ఈత్వం ఊడి ‘శ్ర’ మిగులుతుంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, విండోస్ తనంత తాను తెలుగు చూపించడం 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంట్‌తో మొదలైంది.

ఆ లోపు మన డీటీపీ సెంటర్లు ఆగలేదు, వేరే దారి చూసుకున్నాయి. అను వంటి ఫాంట్లలో తెలుగు ముక్కల బొమ్మలను ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యల మీద అతికించారు. ఊళ్లో కొట్టించిన పెళ్లి శుభలేఖ ఫైల్ మస్కట్‌లో తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల గుంపు కనిపించేది ఇందుకే. ఫైల్ పాడవలేదు. దాని లోపల ఉన్నవి మొదటి నుంచీ ఇంగ్లిష్ సంఖ్యలే. వాటికి తెలుగు వేషం వేసే ఫాంట్ ఇక్కడ లేదు. పీడీఎఫ్‌గా మార్చి పంపమని డీటీపీ అతన్ని అడిగితే ఆ ఫాంట్ కూడా ఫైల్ లోపలే కూర్చుని వస్తుంది.

లాగితే వెళ్లిందా, నకలు పడిందా?

మౌస్‌ను డగ్లస్ ఎంగెల్‌బర్ట్ 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటిసారి నలుగురి ముందు ప్రదర్శించాడు. దాన్ని పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. రెండు నొక్కుల మధ్య అర సెకను మించితే విండోస్ దాన్ని డబుల్ క్లిక్‌గా లెక్కపెట్టదని తెలిస్తే చాలు. చేయి తిరగకపోతే ఆ గడువును సెట్టింగుల్లో పెంచుకోవచ్చు.

విద్య కావాల్సింది లాగడంలో. ఒక ఫైల్‌ను పట్టుకుని అదే డిస్క్‌లోని ఇంకో ఫోల్డర్‌లోకి లాగితే అది ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంది. అదే ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి లాగితే ఇక్కడా ఉంటుంది, అక్కడా ఉంటుంది. ఒకే చేయి, ఒకే కదలిక, రెండు ఫలితాలు!

డిస్క్ మీద ఫైల్ ఒక చోట, ఆ ఫైల్ పేరూ చిరునామా రాసుకున్న పట్టీ మరో చోట ఉంటాయి. ఫోల్డర్ అంటే ఆ పట్టీయే తప్ప వస్తువులు పెట్టిన గది కాదు. ఒకే డిస్క్‌లో లాగినప్పుడు కంప్యూటర్ పట్టీలో ఒక వరుస మార్చి ఊరుకుంటుంది. ఫైల్ అసలు కదలదు. రెండు జీబీల పెళ్లి వీడియో కూడా కనురెప్పపాటులో ‘వెళ్లిపోయేది’ అందుకే. పెన్‌డ్రైవ్ వేరే డిస్క్. అక్కడి పట్టీలో ఇక్కడి చిరునామా రాస్తే పనిచేయదు. అంకెలన్నీ కొత్తగా అక్కడ రాయాలి, దానికి నిమిషాలు పడుతుంది. ఎలాగూ నకలు తీసింది కాబట్టి అసలును చెరిపే తెగువ విండోస్ చేయదు.

డిలీట్ కూడా పట్టీ పనే. రీసైకిల్ బిన్‌లోకి వెళ్లిన ఫైల్ డిస్క్ మీదే ఉంటుంది, దాని చిరునామా మాత్రం చెత్తబుట్ట జాబితాలోకి మారింది. అయితే పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైల్‌ను డిలీట్ చేస్తే సాధారణంగా ఆ బుట్టలోకి రాదు, నేరుగా పోతుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో అందరూ వాడే ఫోల్డర్ సంగతీ అంతే. వంద మంది టైమ్‌షీట్లు ఉన్న చోట ఈ తేడా తెలియకపోతే ఉద్యోగానికే ముప్పు.

ఇక వాట్సాప్‌లో వచ్చిన షీట్. కంప్యూటర్‌లో దాన్ని నొక్కినప్పుడల్లా డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్‌లో ఇంకో నకలు పడుతుంది. టైమ్‌షీట్, టైమ్‌షీట్ (1), టైమ్‌షీట్ (2) అని. సోమవారం దిద్దింది ఒకదాన్ని, మంగళవారం పంపింది మరోదాన్ని. ‘మార్చానన్నా, నిజంగా మార్చాను’ అని ప్రమాణం చేసేవాడు అబద్ధం చెప్పడం లేదు. మార్చిన నకలు వేరు, పంపిన నకలు వేరు. వచ్చిన ఫైల్‌ను ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి, తేదీతో పేరు మార్చి, ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని, ఆపైన అక్కడి నుంచే తెరవాలి.

27 గంటలు 3 ఎలా అయ్యాయి?

ఎక్సెల్ గడిలో కనిపించేది ఎక్సెల్ దాచుకున్నది కాదు. తేదీలను అది 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్యగా దాస్తుంది. ఒమన్‌లో 5 శాతం వ్యాట్ మొదలైన 2021 ఏప్రిల్ 16 ఎక్సెల్ లెక్కలో 44302. గడి ఫార్మాట్ పొరపాటున నంబర్ అని మారితే తేదీ పోయి ఆ అయిదంకెల సంఖ్య బయటపడుతుంది. తేదీ ఎక్కడికీ పోలేదు, వేషం తీసేసిందంతే.

రోజు 1 అయినప్పుడు గంటలు అందులో భిన్నాలు. 12 గంటలంటే 0.5. 8, 9, 10 గంటల చొప్పున మూడు రోజుల డ్యూటీ కలిపితే 27 గంటలు, అంటే 1.125 రోజులు. మామూలు గడియారపు ఫార్మాట్ ఆ ముందున్న 1ని రోజుగా భావించి పక్కన పెట్టి, మిగిలిన 0.125ను 3:00 అని చూపిస్తుంది. ఫార్మాట్ సెల్స్‌లో టైమ్ జాబితాకు వెళ్లి 37:30:55 అనే నమూనాను ఎంచుకుంటే 27 గంటలూ కనిపిస్తాయి. 37 గంటలు చూపించే నమూనా ఉందంటే అది 24 దాటిన మొత్తాల కోసమేనని గుర్తు. నెలాఖరున ఓవర్‌టైమ్ లెక్కలో ఈ ఒక్కటి తెలియక ఎంతమంది కడుపు కొట్టినట్టవుతుందో ఊహించండి.

డబ్బు లెక్కలో ఒమన్ ప్రత్యేకం. 1970 దాకా మస్కట్‌లో భారత రిజర్వ్ బ్యాంక్ విడుదల చేసిన గల్ఫ్ రూపాయి చెల్లేది. ఇప్పటి రియాల్‌కు 1,000 బైసాలు, అంటే దశాంశం తర్వాత మూడు అంకెలు. కంప్యూటర్‌లో ప్రాంతం అమెరికా అనో ఇండియా అనో పెట్టి ఉంటే ఎక్సెల్ కరెన్సీకి రెండే అంకెలు చూపిస్తుంది. వ్యాట్ కలిపిన మూడు వస్తువుల ధరలు 1.126, 2.376, 0.756 రియాల్ అనుకోండి. తెర మీద అవి 1.13, 2.38, 0.76గా సవరించుకుని కనిపిస్తాయి. కనిపించేవాటిని చేత్తో కూడితే 4.27. ఎక్సెల్ మాత్రం లోపలున్న అసలు అంకెలను కూడి 4.258 తెచ్చి, దాన్ని 4.26 అని చూపిస్తుంది. కాలిక్యులేటర్ పట్టుకున్న దుకాణదారుడికీ కంప్యూటర్‌కీ పది బైసాల తగాదా. దశాంశ స్థానాలను మూడుకు పెంచితే తగాదా తీరిపోతుంది.

> రాత్రి 10 గంటలా, 11:30 గంటలా?
>
> కంపెనీకి హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉండి, రెండు చోట్లా ఒకే క్లౌడ్ ఫోల్డర్ చూస్తుంటే, మస్కట్‌లో రాత్రి 10కి సేవ్ చేసిన ఫైల్ హైదరాబాద్‌లో 11:30 అని కనిపిస్తుంది. ఫైల్ సమయం అంతర్జాతీయ ప్రామాణిక కాలంలోనే దాచి ఉంటుంది. చూసేటప్పుడు ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్ తన ఊరి గంటలను కలుపుకుంటుంది. ఒమన్‌కు 4, ఇండియాకు 5:30. ఊరి నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో టైమ్ జోన్ జాబితా తెరిచి అబుదాబి, మస్కట్ అన్న వరుసను ఎంచుకోకుండా గడియారపు ముల్లును మాత్రం వెనక్కి తిప్పేవాళ్లకు ఈ లెక్క తప్పుతుంది.

గోడ స్విచ్‌తో ఆపొద్దు

ఒమన్‌లో మూడు బిళ్ల పిన్నుల సాకెట్లకు చాలావాటికి పక్కనే స్విచ్ ఉంటుంది. ఫ్యాన్ ఆపినట్టు కంప్యూటర్‌ను కూడా అక్కడే ఆపే అలవాటు క్యాంపుల్లో చూస్తాం. సేవ్ చేశాక ఇక భయమేముంది అనుకుంటారు. కానీ వేగం కోసం విండోస్ డిస్క్ మీద రాయాల్సినవాటిలో కొన్నిటిని కాసేపు ర్యామ్‌లోనే పోగుచేసుకుంటుంది. షట్ డౌన్ అంటే ఆ పోగునంతా రాసి, పట్టీలు సరిచూసుకుని సెలవు తీసుకోవడం. మధ్యలో స్విచ్ ఆపితే పట్టీ సగంలో ఆగి, మరునాడు డిస్క్‌ను తనిఖీ చేస్తున్నానంటూ కంప్యూటర్ చాలాసేపు తెరుచుకోకపోవచ్చు.

స్లీప్ పెడితే ర్యామ్‌కు సన్నగా కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి గోడ స్విచ్ అసలే ముట్టుకోకూడదు. హైబర్నేట్ పెడితే ర్యామ్ మొత్తం డిస్క్ మీదికి దిగుతుంది, అప్పుడు ఆపినా ఫర్వాలేదు. షట్ డౌన్‌లోనూ ఒక మెలిక ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి, త్వరగా తెరుచుకోవడం కోసం, షట్ డౌన్ చేసినా విండోస్ తన సొంత భాగాన్ని డిస్క్ మీద మడిచి పెట్టుకుని, మర్నాడు దాన్నే విప్పుకుంటుంది. నిన్నటి తలతిక్క కూడా ఆ మడతలోనే ఉంటుంది. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం అంతా మొదటి నుంచి చదువుకుంటుంది. ప్రింటర్ పలకనప్పుడు రాత్రి ఆపి పొద్దున వేసినా పలకనిది, రీస్టార్ట్ కొట్టగానే పలకడానికి కారణం చాలాసార్లు ఇదే.